పాత రిలోడింగ్ ప్రెస్ చవగ్గా వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది డాలస్ దగ్గర. గ్రీన్‌కార్డు వచ్చాక పిస్టల్ కొన్నాను. ఏడాది నుంచి యూఎస్‌పీఎస్‌ఏ (ఇక్కడి ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) మ్యాచ్‌లకు వెళ్తున్నాను, క్యారీ ఆప్టిక్స్ (పిస్టల్ మీద రెడ్ డాట్ సైటు ఉండే) డివిజన్, 9 ఎం.ఎం. ప్రాక్టీసుతో కలిపి నెలకు 500 రౌండ్ల దాకా అయిపోతున్నాయి. మా క్లబ్బులో ఒక పెద్దాయన షూటింగ్ మానేస్తూ కాల్చేసిన ఇత్తడి కేసుల్లో మళ్లీ మందు నింపి తూటాలు చేసుకునే (రిలోడింగ్) తన ప్రోగ్రెసివ్ ప్రెస్, సగం వాడిన రెండు పౌడర్ డబ్బాలు, కొన్ని ప్రైమర్లు (తూటా అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న మూతలు), ఆయన చేతులతో చేసిన 500 రౌండ్లు అన్నీ కలిపి చవగ్గా ఇస్తానంటున్నారు. మా ఆవిడకు మాత్రం ఇష్టం లేదు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, గ్యారేజీలో మందుగుండు ఏమిటని గొడవ. యూట్యూబ్‌లో చూస్తే సులువుగానే ఉంది. మొదలుపెట్టమంటారా? ఇంకో చిన్న మాట. హైదరాబాద్‌లో మా అక్క కూతురు .22 పిస్టల్‌తో నేర్చుకుంటోంది. తనకూ ఇది పనికొస్తుందా?

సమాధానం: తమ్ముడూ, ప్రెస్ తీసుకో. మిగతావి ఉన్నవి ఉన్నట్టు వాడకు.

పాత ప్రెస్‌తో పెద్ద ఇబ్బంది లేదు. అది ఇనుము, అరిగిన భాగం మార్చుకుంటే మళ్లీ పనిచేస్తుంది. డైలు (కేసును కొలతకు నొక్కే అచ్చులు) 9 ఎం.ఎం.వేనా, షెల్ ప్లేటు (కేసులు నిలబెట్టే పళ్లెం) దానిదేనా, పౌడర్ పోసే యంత్రం సాఫీగా కదులుతోందా, ఈ మూడూ చూసుకుంటే చాలు. మూత తీసిన పౌడర్ డబ్బా మాత్రం ఎంత మంచివాడు ఇచ్చినా వద్దు. ఆ పెద్దాయన ఏ రోజో రాత్రి నిద్రమత్తులో హాపర్‌లో (ప్రెస్ మీద పౌడర్ నింపే గొట్టంలో) మిగిలిన పౌడర్‌ను పక్క డబ్బాలో పోసి ఉండవచ్చు. ఆయనకే గుర్తుండదు. పౌడర్లు చాలావరకు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బూడిదరంగు పలుకులే, కానీ మండే వేగం వేరు. పైన ఏ లేబుల్ ఉందో నమ్మలేని పౌడర్‌ను వాడకూడదు. నువ్వూ ఆయనా కలిసి ఎండగా ఉన్న చోట పెరట్లో నేల మీద పలచగా చల్లేయండి. సీలు తీయని ప్యాకెట్లో ఉన్న ప్రైమర్లయితే తీసుకోవచ్చు. సీసాలోనో డబ్బాలోనో విడిగా పోసి ఉంటే ముట్టుకోకు. విడిగా కుప్ప పోసిన ప్రైమర్లలో ఒకటి పేలితే మొత్తం ఒకేసారి పేలతాయి.

ఇక ఆ 500 రౌండ్లు. వేరేవాళ్లు చేసిన తూటా మన తుపాకీలో పెట్టకూడదు, మనం చేసింది వేరేవాళ్లకు ఇవ్వకూడదు. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ పట్టుకునే మొదటి నియమం ఇదే. ఆయన్ని అనుమానించినట్టవుతుందేమో అని మొహమాటపడకు. పాత షూటర్ కాబట్టి అర్థం చేసుకుంటారు. తీసుకుని, విడగొట్టి, ఖాళీ కేసులు, బుల్లెట్లు (తూటా కొనన ఉండి దూసుకెళ్లే గుండ్లు) వాడుకుంటానని చెప్పు. చాలా తుపాకీ కంపెనీలు రీలోడ్ చేసిన తూటాలు వాడితే వారంటీ ఉండదని మాన్యువల్‌లోనే రాస్తాయి. మన చేతులతో చేసినవాటికే ఆ మాట వర్తిస్తుంది, ఇక ఎవరివో ఎందుకు?

ఇంతకీ ఇందులో ప్రమాదం ఎక్కడుందో చెప్పనివ్వు. కష్టమైన పని కావడం వల్ల వచ్చే ప్రమాదం కాదు ఇది. మరీ తేలిక. ఖాళీ కేసును మళ్లీ కొలతకు నొక్కడం, పాత ప్రైమర్ తీయడం, కొత్తది దింపడం, మూతి కాస్త విప్పడం, పౌడర్ పోయడం, బుల్లెట్ కూర్చోబెట్టడం, మూతిని మళ్లీ సరిచేయడం. వారంలో చేతికి అలవాటవుతుంది. అలవాటైన పనిలో చెయ్యి ఆడుతూ ఉంటుంది, బుర్ర ఎటో వెళ్తుంది. ఇడ్లీ రేకులో పిండి వేసే అమ్మకు ఏ గుంట ఖాళీగా ఉందో కనిపిస్తుంది. ప్రెస్ హ్యాండిల్ లాగే మనకు, ఒక్కసారి తల తిప్పితే, కనిపించదు.

నా సంగతే చెప్తాను. నాది షెల్ ప్లేటును చేత్తో తిప్పుకునే రకం ప్రెస్. మొదలుపెట్టి నాలుగు నెలలైంది, బాగా వచ్చేసిందనుకుంటున్నాను. ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఇండియాలో ఆదివారం పొద్దున ఎనిమిది, అమ్మ ఫోన్. ప్లేటు తిప్పాను, ఫోన్ ఎత్తాను, ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చి ప్లేటు మళ్లీ తిప్పాను. అంతే. ఒక కేసు పౌడర్ పడకుండానే దాటిపోయింది. దాని మీద బుల్లెట్ చక్కగా కూర్చుంది. బయటికి చూడ్డానికి మిగతా వాటికీ దానికీ ఏ తేడా లేదు.

రెండు వారాల తర్వాత మ్యాచ్‌లో, మూడో టార్గెట్ మీద, తుపాకీ 'ఢాం' అనాల్సింది 'టప్' అంది. స్లైడ్ వెనక్కి రాలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించు. తూటా పేలకపోతే మ్యాగజీన్ అడుగున కొట్టి స్లైడ్ లాగి మళ్లీ కాల్చు అని మనం రోజూ ఇంట్లో సాధన చేస్తాం. సెకనులో నా చేతులు ఆ పని చేసేశాయి. కొత్త రౌండ్ లోపలికి వెళ్లింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్తుండగా రేంజ్ ఆఫీసర్ "స్టాప్!" అని అరిచాడు. తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ విప్పి వెలుగుకు పెట్టి చూస్తే అవతలి వెలుతురు రావడం లేదు. ప్రైమర్ బలం ఒక్కదానితో బుల్లెట్ బ్యారెల్‌లోకి దూరి అక్కడే ఇరుక్కుంది. ఆ మనిషి చెవులు పదునుగా లేకపోతే రెండో బుల్లెట్ దాని వెనకాల వెళ్లేది, బ్యారెల్ ఉబ్బేదో చీలేదో. దీన్నే స్క్విబ్ అంటారు. స్క్విబ్ అని తేలితే రీషూట్ (మళ్లీ కాల్చే అవకాశం) కూడా ఉండదు, స్టేజీలో అప్పటిదాకా కాల్చిందే లెక్క. ఆ రోజు నేను స్కోరు గురించి అడగలేదులే.

ఆ బ్యాచ్‌లో ఇంకా దాదాపు 400 ఉన్నాయి. తూకం వేసి తేలికగా ఉన్నవి ఏరేద్దామనుకున్నాను. కుదరలేదు. పౌడర్ బరువు నాలుగు గ్రెయిన్లకు, అంటే పావు గ్రాముకు అటూ ఇటూ, రకరకాల కంపెనీల ఇత్తడి కేసుల మధ్య బరువు తేడానే అంతకంటే ఎక్కువ. చివరికి సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్‌తో ఒక్కొక్కటీ కాంక్రీటు మీద కొట్టి విప్పాను. మూడు సాయంత్రాలు పట్టింది. భుజం వారం రోజులు నొప్పి. ఇంకొకటి దొరకలేదు, కానీ దొరకదని ముందే ఎవరు చెప్పగలరు?

పౌడర్ పడకపోతే ఇలా. రెండుసార్లు పడితే ఇంకా దారుణం. 9 ఎం.ఎం. తూటాకు అమెరికా తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ శామీ పెట్టిన గరిష్ట పీడనం 35,000 పీఎస్‌ఐ. నీ కారు టైరులో 35 ఉంటుంది, అంటే దానికి వెయ్యి రెట్లు, కంటికి ఒక మూర దూరంలో. దాన్ని దాటితే ఏమవుతుందో ప్రయోగం చేసి చూడక్కర్లేదు. చిక్కేమిటంటే టైట్‌గ్రూప్ లాంటి కొన్ని పౌడర్లు చాలా కొంచెంతోనే పని కానిస్తాయి. కేసు అడుగున ఎక్కడో పడి ఉంటాయి. రెండు మోతాదులు పడినా పొంగవు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. కొత్తవాళ్లు కాస్త గుల్లగా, ఎక్కువ చోటు పట్టే పౌడర్ ఎంచుకోవాలి. పొరపాటున రెండుసార్లు పడితే కేసు నిండి బయటికి పొర్లాలి, చేతికి అంటాలి. షాపులో ఈ మాటే చెప్పి అడుగు, చూపిస్తారు.

గ్రెయిన్ అంటే ఎంతో చెప్తే నీకు నవ్వొస్తుంది. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ దాదాపు 0.12 గ్రాములు, అంటే రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. రెండు గురివింద గింజల ఎత్తు పౌడర్‌తో బుల్లెట్ సెకనుకు వెయ్యి అడుగుల వేగం అందుకుంటుంది. బంగారం తూచేవాడు ఫ్యాన్ ఆపి తూచినట్టే నువ్వూ తూచాలి. గ్యారేజీలో ఫ్యాన్ గాలికి, బ్యాటరీ తగ్గినప్పుడు, పక్కనే సెల్‌ఫోన్ ఉన్నప్పుడు చవక డిజిటల్ త్రాసు అబద్ధం చెప్తుంది. చెక్ వెయిట్లు (కచ్చితమైన తూకం రాళ్లు) కొనుక్కుని కూర్చున్న ప్రతిసారీ ముందు వాటితో సరిచూడు. పౌడర్ యంత్రం సెట్ చేశాక పది మోతాదులు కలిపి తూచి పదితో భాగించు, తర్వాత విడివిడిగానూ చూడు.

ఎంత పౌడర్ వేయాలో నేను చెప్పను, అడగకు. క్లబ్బులో ఎవరైనా చెప్పినా వినకు. లైమన్, హార్నడీ లాంటి కంపెనీల పుస్తకాలున్నాయి, హాడ్జ్‌డన్ వాళ్లు తమ పౌడర్ల లెక్కలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడతారు. నీ దగ్గరున్న బుల్లెట్ బరువుకు, ఆకారానికి రెండు చోట్ల చూసి, అందులో మొదలుపెట్టమని ఇచ్చిన తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టు. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి, పదేసి రౌండ్లు మాత్రమే చేసుకుంటూ. నీకు ఎక్కువ పైకి వెళ్లే పనే రాదు. క్యారీ ఆప్టిక్స్‌లో అందరికీ మైనర్ (తక్కువ శక్తి తూటాల) స్కోరింగే, తూటా శక్తిని కొలిచే పవర్ ఫ్యాక్టర్ 125 దాటితే చాలు. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగించడమే. 147 గ్రెయిన్ల బుల్లెట్ 880 అడుగుల వేగంతో వెళ్తే 129 వస్తుంది. పెద్ద మ్యాచ్‌లో బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర 125 కన్నా తగ్గితే ఆ మ్యాచ్‌లో స్కోరే ఉండదు. అందుకని 129, 130 దగ్గర ఆగుతారు చాలామంది. చలికాలానికీ టెక్సాస్ ఎండకూ పౌడర్ వేగంలో తేడా వస్తుంది, ఆ మార్జిన్ దానికి. ఓపెన్ డివిజన్ వాళ్లు 9 ఎం.ఎం.ను మేజర్ (ఎక్కువ శక్తి) స్కోరింగ్‌కు, అంటే 165కు లాగుతుంటారు. వాళ్ల లెక్కల వైపు తొంగి కూడా చూడకు.

తూటా మొత్తం పొడవు కూడా పౌడర్ అంత ముఖ్యమని కొత్తవాళ్లకు తట్టదు. 9 ఎం.ఎం. కేసు చిన్నది. బుల్లెట్ కాస్త లోతుకు దిగితే లోపల చోటు తగ్గి పీడనం గబుక్కున పెరుగుతుంది. ముందు పౌడర్, ప్రైమర్ లేకుండా ఒక డమ్మీ చేసుకో. నీ తుపాకీ బ్యారెల్ విప్పి, బుల్లెట్ బయటికెళ్లే కొన కిందికి పెట్టి, వెనక నుంచి డమ్మీని జారవిడువు. 'టంగ్' మని పడాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే తనంతట తనే రాలాలి. ఏదైనా పట్టేస్తే పొడవు కాస్త తగ్గించాలి, తగ్గించిన పొడవుకు లెక్క పుస్తకంలో మళ్లీ చూసుకోవాలి. సీజెడ్ పిస్టళ్లలో ఈ తలనొప్పి ఎక్కువ, వాటి త్రోట్, అంటే బ్యారెల్ మొదట్లో బుల్లెట్‌కు వదిలే చోటు, పొట్టి. తర్వాత ఆ డమ్మీని బొటనవేలితో బల్ల అంచుకు గట్టిగా నొక్కి మళ్లీ కొలువు. బుల్లెట్ లోపలికి దిగిందంటే కేసు పట్టు సరిపోలేదు. పట్టు అంటే కొందరు క్రింప్ (కేసు మూతి నొక్కు) బిగిస్తారు. తప్పు. ఈ తూటా బ్యారెల్‌లో ఆగేదే కేసు మూతి అంచు మీద. క్రింప్ పని విప్పిన మూతిని సరిచేయడం వరకే.

ఖాళీ కేసులు ఏరేటప్పుడు కళ్లు తెరిచి ఉంచు. రేంజ్ నేల మీద 9 ఎం.ఎం.తో పాటు .380 అనే ఇంకో రకం కేసు కూడా కలిసిపోతుంది, చూపుకు తమ్ముడిలా ఉంటుంది. ఇనప కేసులను అయస్కాంతంతో తీసేయి. పగుళ్లున్నవి, ఉబ్బినవి పారెయ్.

నువ్వు కొనబోయేది ప్రోగ్రెసివ్. హ్యాండిల్ ఒకసారి లాగితే నాలుగైదు కేసుల మీద నాలుగైదు పనులు జరుగుతాయి. అన్నిటినీ ఒకేసారి చూడటం కొత్త కళ్లకు కష్టం. మొదటి రెండు మూడు వందలూ ఒక్క కేసే పెట్టి, అది మొదటి మెట్టు నుంచి చివరిదాకా వెళ్లి బయటికొచ్చాకే రెండోది పెట్టు. చాలా నెమ్మది, విసుగు కూడా. చేయాల్సిందే. ప్రెస్ మీద చిన్న ఎల్‌ఈడీ లైటు తగిలించు. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకి తొంగి చూడు. పౌడర్ మట్టం కంటికి పరిచయమైపోవాలి. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా, పని అయ్యాక హాపర్‌లో మిగిలింది అప్పుడే దాని డబ్బాలోకి. మధ్యలో ఎవరైనా పిలిచినా, ప్రెస్ పట్టేసినా, ప్లేటు మీదున్న కేసులన్నీ తీసి పౌడర్ వెనక్కి పోసి మొదటి నుంచి మొదలుపెట్టు. కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి. తయారైన తూటాల వెనక వేలితో తడుము. ప్రైమర్ పైకి తేలి ఉంటే దాన్ని పక్కన పెట్టి తర్వాత విప్పు. పౌడర్, బుల్లెట్ ఉన్న తూటాలో ప్రైమర్‌ను ఇంకాస్త నొక్కుదామని మళ్లీ ప్రెస్‌లో పెట్టకు.

ఇప్పుడు మా మరదలు మాట. ఆమె భయం సరైనదే, కారణం మాత్రం వేరు. పొగరాని పౌడర్ విడిగా ఉన్నప్పుడు భగ్గున మండుతుంది, బాంబులా పేలదు. అందుకే దాన్ని గట్టి ఇనప బీరువాలో పెట్టకూడదు. పాప చేతికి అందకూడదని చాలామంది గన్ సేఫ్‌లో దాస్తారు. అగ్ని ప్రమాదం వస్తే బిగించిన ఇనప పెట్టె నిజంగానే బాంబు అవుతుంది. తాళం వేసే చెక్క అల్మారా మేలు, పాపకు అందని ఎత్తులో. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, దానిలో మంట ఉంటుంది, పౌడర్ అక్కడ వద్దు. పైగా జులైలో డాలస్ గ్యారేజీ అంటే పొయ్యే. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే అలమార చూసుకో. అగ్నిమాపక ప్రమాణాల్లో ఇంట్లో పౌడర్ 20 పౌండ్ల దాకా, ప్రైమర్లు 10,000 దాకా అన్న హద్దు ఉంది. మీ ఊరి నియమం ఇంకా తక్కువ ఉండొచ్చు, ఫైర్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసి అడుగు. నీ వాడకానికి ఒక పౌండు పౌడర్ సుమారు మూడు నెలలు వస్తుంది, నిల్వలు పెట్టుకునే పనే లేదు.

అసలు భయపడాల్సింది సీసం గురించి. కాల్చిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. మొక్కజొన్న పొట్టుతో కేసులు తోమే యంత్రం నడిపితే లేచే దుమ్ములో అదే ఉంటుంది. పాప నాలుగేళ్లది, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదు. అందుకని పొడి దుమ్ము వద్దు, నీళ్లతో తోమే యంత్రం కొను, ఆ మురికినీళ్లు వంటింటి సింకులో పోయకు. గ్యారేజీకి వేరే చెప్పులు, వేరే చొక్కా. అక్కడ టీ తాగొద్దు. పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా మార్చి, అప్పుడు పాపను ఎత్తుకో. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకో. ఈ ఏర్పాట్లన్నీ ఆమెకు చూపించాకే ప్రెస్ ఇంటికి తెచ్చుకో.

డబ్బు మిగులుతుందా అని నువ్వు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. 9 ఎం.ఎం.లో రౌండుకు కొన్ని సెంట్లు మిగులుతాయి. ఆ మిగిలిన దాంతో ఇంకాస్త ఎక్కువ కాలుస్తాం, చివరికి లెక్క సమానం. నాకైతే తుపాకీ తక్కువ తన్నేలా, ప్రతి రౌండూ ఒకేలా ఉండేలా చేసుకోవచ్చన్నదే లాభం. నెలకు 500 అంటే ఫ్యాక్టరీ తూటాలతో కూడా బండి నడుస్తుంది. పాప పెద్దయ్యేదాకా ఆగుతానన్నా తప్పులేదు.

చట్టం సంగతి. సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే కావాలి. స్నేహితుడికి ఖర్చులకు ఇచ్చాను అనే కథ కూడా వద్దు. హెచ్-1బీ లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ, వాటి సంగతి లాయరును అడగాలి, వాట్సాప్ గ్రూపును కాదు.

మీ మేనకోడలికి ఇది పనికిరాదు. .22లో ప్రైమర్ మందు కేసు అంచు మడతలోనే ఉంటుంది. కాల్చాక అంచు నలిగిపోతుంది, మళ్లీ నింపడానికి ఉండదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో టీమ్ స్వర్ణం, విడిగా రజతం గెలిచింది, ఆ ఈవెంట్‌లో కాల్చేది .22 తూటాలే. పైగా ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు ఉండాలి. అన్నట్టు, ఇండియాకు వెళ్లేటప్పుడు రేంజ్‌కు వాడే బ్యాగును ప్రయాణానికి వాడకు. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌లో కనబడితే పోలీసు కేసు అవుతుంది, సెలవంతా స్టేషన్ చుట్టూ గడుస్తుంది. ఆ బ్యాగు గ్యారేజీలోనే ఉండనీ.

ముందు ఆ పెద్దాయన్ని ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంట్లోనే తన ప్రెస్ మీద 50 రౌండ్లు చేసి చూపించమను. నువ్వు చెయ్యి పెట్టకు, పక్కన నిలబడి చూడు. తర్వాత నువ్వు చెయ్యి, ఆయన చూస్తారు. డబ్బులు ఆ తర్వాత ఇవ్వు.